ముల్లు తోక

దెస్సీలో పొద్దున్నే మంచు దిగితే
ఎదుటి కొట్టు బోర్డు కూడా కనబడదు.
ఆ మంచులోంచి ముందు దగ్గు వచ్చింది,
తర్వాత తెల్ల శాలువా,
ఆ తర్వాత జెనెబెచ్.
కొత్త ఫోను నా బల్ల మీద పెట్టి
"ఇది అబద్ధాలాడుతోంది, లిజే" అంది.

చూశాను. ఏడుంపావు.
అద్దం మీద గీత లేదు, బ్యాటరీ ఉబ్బలేదు,
సిగ్నల్ నిండుగా ఉంది.
"బాగానే ఉందమ్మా."
"ఏడెక్కడిది? పొద్దు పొడిచి గంటేగా అయింది.
ఒంటిగంటంపావు."

నిజమే.
పొద్దు పొడిచాకే మా లెక్క మొదలు.
సూర్యుడు రాకుండా పుట్టేదాన్ని
మేం రోజనం.

అప్పుడు చెప్పింది మొన్న రాత్రి సంగతి.
రాత్రి పదింటికి లేచి పొయ్యి ముట్టించడం
ముప్పై ఏళ్ళ అలవాటు.
పదంటే, కోళ్ళు గొంతు సవరించుకునే వేళ.
మనవరాలి చేత అలారం పెట్టించింది
పదికి, చంద్రుడి బొమ్మ చూసి మరీ.
మోగింది. లేచింది.
పులిసిన పిండి మీద మూత తీసింది,
నీలగిరి పుల్లలు ఎగదోసింది,
డెబ్బై ఇంజెరాలు పోసింది
ఒక్కొక్కటీ ఒళ్ళంతా కళ్ళు విప్పుతుంటే చూస్తూ.
బుట్టలో పేర్చి, గుడ్డ కప్పి,
గడప మీద కూచుంది.
తెల్లవారలేదు.
పొయ్యి ఆరింది.
తెల్లవారలేదు.
వెళ్ళి కోడిని తట్టి లేపింది.
అది ఒక కన్ను తెరిచి, ఇదేం మనిషిరా అన్నట్టు చూసి
మళ్ళీ రెక్కలో తల దూర్చుకుంది.
"నా కోడీ, నా పొయ్యీ సరిపోవని
ఆ రాత్రే తెలిసింది" అంది.

నేను నవ్వలేదు.
అంటే, ఆమె వెళ్ళాక నవ్వాను.

సెట్టింగుల్లోకి వెళ్ళి
ఆటోమేటిక్ పక్కన పచ్చగా వెలిగే మీటను ఆర్పేశాను.
ఇక టవరు మాట వినక్కర్లేదు.
ఆరు గంటలు వెనక్కి దింపాను, వేలితో,
బావిలోకి చేద వదిలినట్టు.
ఇరవై బిర్‌లు ఇచ్చింది,
ఇంకా వెచ్చగా ఉన్న ఇంజెరా ఒకటి కూడా.

మూడోనాడు మళ్ళీ దగ్గు.
హోటలువాడు పంపిన డబ్బు ఫోన్లో తెరుచుకోవడం లేదు.
ఎర్రటి అక్షరాలు: మీ సమయం తప్పు. సరిచేసుకోండి.
"ఎవరి సమయం?" అంది జెనెబెచ్.
నన్ను కాదు, తెరను.

అది పగుమే. పదమూడో నెల.
ఏడాది చివర కొసరు వేసినట్టు అయిదే రోజులు.
ఆ నెలొకటుందని ఫోనుకు తెలియనే తెలియదు.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.
ఒక పూటకు ఒక తగువు చాలు.

పచ్చ మీట మళ్ళీ వెలిగించాను.
డబ్బు వచ్చింది, అబద్ధమూ వచ్చింది.
ముల్లును ముల్లుతోనే తీయాలనుకుని
గడియారం బొమ్మలన్నీ వెతకడం మొదలెట్టాను.
పూలది, రోమన్ అంకెలది, అసలు అంకెలే లేనిది...
ముప్పైయో నలభయ్యో చూశాక దొరికింది,
చిన్నముల్లుకు వెనకవైపు పొడుగాటి తోక,
తోక చివర ఎర్రచుక్క.

"మొన ఎక్కడుందమ్మా?"
"ఎనిమిది మీద."
"అది బ్యాంకుది. తోక?"
ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి పెట్టుకుంది.
"రెండు."
"అది మీది."
కాసేపు ఊరుకుని అడిగింది,
"మరి పెద్దముల్లు?"
"అది అందరిదీ."

ఫోను తిరగేసి చూసింది,
వెనక ఇంకేమైనా దాచాడేమోనని.

అలారం నాలుక్కి పెట్టాను.
నాలుగు పక్కన ఈసారి సూర్యుడి బొమ్మ వచ్చింది.
"అంత చీకట్లో సూర్యుడేంటి, లిజే?"

దానికి మాత్రం
నా దగ్గర ఏ సెట్టింగూ లేదు.